పది నిమిషాల్లో బ్యాక్టీరియా చెప్పే మిషను: పచ్చళ్ల వాళ్లకు పనికొస్తుందా?

పాలకొల్లు పచ్చళ్లు | ఆగస్టు 4, రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. ఇంటి దగ్గరే రొయ్యల పచ్చడి, కొరమేను పచ్చడి పెట్టి హైదరాబాద్, బెంగళూరు కొరియర్ చేస్తుంటాను. ఏడేళ్లయింది, ఎవరితోనూ మాట పడలేదు. పోయిన నెల బెంగళూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, మీ రొయ్యల పచ్చడి తిన్నాక మా అబ్బాయికి వాంతులయ్యాయి, అసలు మీరు బ్యాక్టీరియా టెస్టు చేయిస్తారా అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ రాత్రి నిద్రే లేదు.

మొన్న ఒకాయన బ్యాగు తగిలించుకుని వచ్చాడు. "బయోసెన్సర్ అండి, ఫుడ్‌లో బ్యాక్టీరియా ఉందో లేదో అప్పటికప్పుడు చెప్పేస్తుంది" అన్నాడు. చేతిలో పెట్టిన కరపత్రంలో "పది నిమిషాల్లో" అని ఉంది. పెన్నులాంటి గొట్టంలోంచి దూదిపుల్ల తీసి మా వంటగట్టు మీద రుద్దాడు. మళ్లీ గొట్టంలో పెట్టి టక్కున నొక్కి, ఊపి, సెల్‌ఫోన్ కంటే కాస్త లావుగా ఉన్న మిషన్లో పెట్టాడు. 15 సెకన్లలో 412 అని పడింది. "చూశారా, 412 బ్యాక్టీరియా" అన్నాడు. పచ్చడి గరిటె మీద రుద్దితే నాలుగు వేలు దాటింది! నాకు కాళ్లు వణికాయి.

మిషను 62 వేలట, పుల్లలు వేరే కొనుక్కోవాలట. మా ఆయన పండక్కి చూద్దాంలే అంటున్నారు. కొనాలా వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి.

వంట మేస్త్రి | ఆగస్టు 4, రాత్రి 9:40

అమ్మా, 62 వేలు నాకిచ్చెయ్యండి, నా ముక్కుతో వాసన చూసి చెబుతాను 🙂 ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు వండుతున్నాను. గోంగూర రొయ్యలు ఎప్పుడు తిరగబడతాయో మూత తీసేలోపే తెలిసిపోద్ది.

ల్యాబ్ బల్ల | ఆగస్టు 4, రాత్రి 10:25

అక్కా, ముందు కంగారు పడకండి. ఆ 412 బ్యాక్టీరియా లెక్క కాదు, వెలుతురు లెక్క.

భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి ప్లాంటులో మైక్రో ల్యాబ్‌లో చేస్తాను. మీరు చెప్పిన తీరు చూస్తే అది ఏటీపీ మీటరు. ప్రాణమున్న ప్రతి కణంలోనూ ఏటీపీ అనే పదార్థం ఉంటుంది. ఆ గొట్టం అడుగున మందు ఉంటుంది, అందులో లూసిఫరేజ్ అనే ఎంజైము. మిణుగురు పురుగు తోకలో వెలుగు పుట్టించేది అదే. ఏటీపీ తగిలితే వెలుగుతుంది, ఎంత వెలిగిందో మిషను అంకెలో చూపిస్తుంది. అంతే.

తిరకాసు ఎక్కడంటే, బ్యాక్టీరియాలోనే కాదు, రొయ్యలో, వెల్లుల్లిలో, నిమ్మకాయలో, మన చేతి చర్మంలో కూడా ఏటీపీ ఉంటుంది. గరిటెకు పచ్చడి అంటుకుని ఉంటే నాలుగు వేలు రాక ఏమవుతుంది? పైగా పులుపు, ఉప్పు ఎక్కువైతే ఆ ఎంజైము సరిగా పనిచెయ్యదు, అప్పుడు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అంటే ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా పచ్చడి గురించి ఏమీ తెలియదు.

మిషనును తిట్టడం లేదు. మాకూ ఉంది. షిఫ్టు అయ్యాక పీలింగ్ టేబుళ్లు కడుగుతారు కదా, నిజంగా కడిగారా, నీళ్లు చల్లి వదిలేశారా అని పొద్దున్నే దాంతోనే చూస్తాం. ఆ పనికి బంగారం. సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉందా లేదా అంటే మాత్రం దానికి తెలియదు, చెప్పదు.

మేస్త్రి గారూ, మీ ముక్కు మీద గౌరవం ఉంది. కుళ్లబెట్టే బ్యాక్టీరియా వేరు, జబ్బు చేసే బ్యాక్టీరియా వేరు. సాల్మొనెల్లా ఉన్న రొయ్య కమ్మగానే ఉంటుంది.

వంట మేస్త్రి | ఆగస్టు 4, రాత్రి 10:31

అదీ నిజమేలెండి. ఒకసారి చికెన్ బిర్యానీ విషయంలో నాకూ జరిగింది. ఇక్కడ చెప్పను.

రాజుగారి చెరువు | ఆగస్టు 5, ఉదయం 6:05

ఆకివీడు వైపు మాకు పన్నెండెకరాల వనామీ రొయ్యల చెరువులు. ఏటీపీ సంగతి సరే. మరి కోవిడ్ కిట్టులాంటి స్ట్రిప్పులు ఉన్నాయిగా? తెల్లమచ్చ వైరస్‌కి మాకు అలాంటివే చూపించారు. రొయ్యను నలిపి, రెండు చుక్కలు వేస్తే గీత పడుతుంది. వైరస్‌కి పనిచేసింది బ్యాక్టీరియాకి ఎందుకు పనిచెయ్యదు?

ఆక్వా ల్యాబుల్లో అయితే మాకు ఇప్పటికీ బ్యాక్టీరియాను పెంచి చూసే ప్లేట్లే. నీళ్లు ఇచ్చి వస్తే మర్నాడు ఫోన్ చేస్తారు. "పసుపు కాలనీలు ఇన్ని, పచ్చ కాలనీలు ఇన్ని" అని. కాలనీ అంటే ప్లేటు మీద చుక్కలా పెరిగిన బ్యాక్టీరియా గుంపు. పచ్చవి ఎక్కువంటే మాకు గుండె జారుతుంది. ఆ ఒక్కరోజులో చెరువు సగం పోయిన రోజులున్నాయి.

అమలాపురం అబ్బాయి | ఆగస్టు 5, ఉదయం 8:50

రాజు గారూ, అడగాల్సిన ప్రశ్న అడిగారు. నా పీహెచ్‌డీ ఈ సెన్సర్ల మీదే కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, తిట్టుకోకండి.

బయోసెన్సర్ అంటే రెండు ముక్కల జత. ఒకటి గుర్తుపట్టేది. యాంటీబాడీ కావచ్చు, ఎంజైము, డీఎన్‌ఏ ముక్క, లేదా బ్యాక్టీరియాను మాత్రమే పట్టే ఫేజ్ వైరస్ కావచ్చు. రెండోది ఆ గుర్తింపును కరెంటుగానో రంగుగానో వెలుతురుగానో మార్చి చూపించేది. మన ఇళ్లల్లో అందరికీ తెలిసిన బయోసెన్సర్ షుగర్ మీటరే. దాని మూలం 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్ చేసిన ఎంజైము ఎలక్ట్రోడ్. అరవై ఏళ్లు దాటింది. షుగర్ మీటరు ప్రతి మందుల షాపులో ఉంది, సాల్మొనెల్లా మీటరు ఎందుకు లేదు?

ఎందుకంటే రక్తంలో చక్కెర ప్రతి చుక్కలోనూ ఉంటుంది. తిండిలో బ్యాక్టీరియా అలా ఉండదు.

లెక్క చూడండి. సాల్మొనెల్లాకు నియమం "25 గ్రాముల్లో ఒక్కటి కూడా ఉండకూడదు". ల్యాబ్‌లో 25 గ్రాముల రొయ్యను 225 మిల్లీలీటర్ల పోషక ద్రవంలో కలుపుతారు. మొత్తం సుమారు 250. స్ట్రిప్పు మీద వేసేది 0.1 మిల్లీలీటరు, అంటే రెండు చుక్కలు. ఆ 250లో ఒకే ఒక్క సాల్మొనెల్లా ఉంటే, అది మీ రెండు చుక్కల్లోకి వచ్చే అవకాశం 2,500లో ఒకటి. సెన్సర్ ఎంత గొప్పదైనా తన మీద పడనిదాన్ని పట్టలేదు.

ఒకవేళ పడినా, మామూలు స్ట్రిప్పుకు గీత కనబడాలంటే మిల్లీలీటరుకు సుమారు లక్ష బ్యాక్టీరియా కావాలి. తెల్లమచ్చతో చచ్చే రొయ్య ఒంట్లో వైరస్ కోట్లల్లో ఉంటుంది, అందుకే మీకు గీత పడింది. ఎగుమతి రొయ్యలో ఒకటో రెండో ఉంటాయి.

అందుకే ముందు వాటిని పెంచాలి. మంచి వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయనుకుందాం. ఒకటి 25 సార్లు రెట్టింపైతే 3 కోట్ల 35 లక్షలు. దాన్ని 250తో భాగిస్తే మిల్లీలీటరుకు లక్షా ముప్పై నాలుగు వేలు. 25 రెట్టింపులకు 500 నిమిషాలు, ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. అది కూడా మొదటి నిమిషం నుంచే పెరిగితే. ఫ్రీజర్లో దెబ్బతిన్న బ్యాక్టీరియా కోలుకోవడానికే కొన్ని గంటలు తీసుకుంటుంది. కాబట్టి "పది నిమిషాల్లో" అని కరపత్రంలో రాసినవాళ్లు ఆ ముందు రాత్రంతా నానబెట్టిన సంగతి రాయరు.

ల్యాబ్ బల్ల | ఆగస్టు 5, మధ్యాహ్నం 1:15

తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. మాకు సాల్మొనెల్లా లేదు అని చెప్పడానికే మూడు రోజులు. ఎక్స్‌ఎల్‌డీ ప్లేటు (సాల్మొనెల్లాను పెంచి చూసేది) మీద ఎర్ర కాలనీ మధ్యలో నల్లచుక్క కనబడిందంటే, అదేనా అని తేల్చుకోవడానికి ఐదు రోజులు. ఈలోపు రొయ్యల కంటైనర్ చల్లదనం పోకుండా కరెంటు ప్లగ్ మీద ఆగి ఉంటుంది, మేనేజర్ గంటకోసారి ఫోన్ చేస్తాడు. మధ్యలో ఒకరోజు తగ్గించే సెన్సర్ ఎవరైనా తెస్తే దండ వేస్తాను. పది నిమిషాలు అక్కర్లేదు.

పాలకేంద్రం | ఆగస్టు 5, సాయంత్రం 7:30

రావులపాలెం దగ్గర పాల సేకరణ కేంద్రం నడుపుతాను. మాకైతే 62 వేల మిషను లేకుండానే తెలుస్తుంది. 10 మిల్లీలీటర్ల పాలల్లో 1 మిల్లీలీటరు మిథిలీన్ బ్లూ రంగు వేసి, 37 డిగ్రీల నీళ్లల్లో పెడతాం. పాలు నీలంగా ఉంటాయి. బ్యాక్టీరియా ఆక్సిజన్ తినేకొద్దీ రంగు పోయి మళ్లీ తెల్లబడతాయి. ఐదు గంటలు నీలం నిలబడితే మంచి పాలు. అరగంటలోపే తెల్లబడ్డాయంటే ఆ క్యాను ఎవరిదో చూసి కబురు పెడతాం. ఇది బయోసెన్సర్ కాదా మరి?

అమలాపురం అబ్బాయి | ఆగస్టు 5, రాత్రి 8:02

కాదండి. ఏ బ్యాక్టీరియా అన్నది గుర్తుపట్టే భాగం అందులో లేదు. అది రంగు పరీక్ష.

పాలకేంద్రం | ఆగస్టు 5, రాత్రి 8:10

పేరు ఏదైతేనేం బాబూ, పాలు విరక్కుండా ఊరంతా టీ తాగుతోంది.

అమలాపురం అబ్బాయి | ఆగస్టు 5, రాత్రి 8:14

ఒప్పుకుంటాను బాబాయ్ గారూ. పేరు గొడవ మా గైడు దగ్గర పెట్టుకుంటాను.

డాక్టరమ్మ కాకినాడ | ఆగస్టు 6, ఉదయం 7:20

అందరూ మిషను గురించి మాట్లాడుతున్నారు, పిల్లాడి గురించి ఎవరూ అడగలేదు. పాలకొల్లు అమ్మా, ఆ అబ్బాయికి పచ్చడి తిన్న ఎన్ని గంటలకు వాంతులు మొదలయ్యాయి? జ్వరం ఉందా? విరేచనాలా, వాంతులేనా? దేంతో కలిపి తిన్నాడు?

పాలకొల్లు పచ్చళ్లు | ఆగస్టు 6, ఉదయం 10:45

ఇప్పుడే ఆవిడకు ఫోన్ చేసి కనుక్కున్నానండి. రాత్రి తొమ్మిదింటికి తిన్నాడు, పదకొండు పదకొండున్నర మధ్య వాంతులు. జ్వరం లేదు. తెల్లారేసరికి తగ్గిపోయింది. మధ్యాహ్నం వండి బయటే ఉంచిన అన్నంలో కలుపుకుని తిన్నాడట. అదే సీసా మిగిలిన ముగ్గురూ వేడన్నంలో తిన్నారు, వాళ్లకేమీ కాలేదు.

డాక్టరమ్మ కాకినాడ | ఆగస్టు 6, మధ్యాహ్నం 2:05

రెండు గంటల్లో వాంతులు, జ్వరం లేదు, పొద్దున్నకి తగ్గింది. ఇది సాల్మొనెల్లా తీరు కాదు. దానికి కనీసం ఆరు గంటలు పడుతుంది, ఎక్కువసార్లు ఒకటి రెండు రోజులు. జ్వరం, విరేచనాలు కూడా వస్తాయి. ఇంత తొందరగా వచ్చిందంటే ముందే తయారై ఉన్న విషం తిన్నట్టు. రెండు అనుమానాలు. ఒకటి, వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్. రెండోది, చేతి పుండ్లు, ముక్కు నుంచి వచ్చే స్టెఫైలోకాకస్. అది ఉప్పుకు లొంగదు, చాలా బ్యాక్టీరియా చచ్చే ఉప్పులో కూడా పెరుగుతుంది. ఈ రెండు విషాలూ మళ్లీ వేడి చేసినా పోవు. బ్యాక్టీరియా చచ్చినా విషం అలాగే ఉంటుంది.

ఆ ముగ్గురికి ఏమీ కాలేదంటే నా చూపు అన్నం మీదే. ఫోన్లో విని తేల్చే విషయం కాదు కాబట్టి అదే అని మాత్రం అనను.

రాజుగారి చెరువు | ఆగస్టు 6, మధ్యాహ్నం 2:40

అంటే బ్యాక్టీరియాను పట్టే సెన్సర్ పెట్టినా ఈ కేసులో ఏమీ లేదు అనే చెప్పేదా? చచ్చిన బ్యాక్టీరియా, బతికున్న విషం!

అమలాపురం అబ్బాయి | ఆగస్టు 6, మధ్యాహ్నం 3:12

విషానికి వేరే సెన్సర్ కావాలి, ఉన్నాయి కూడా, యాంటీబాడీతో చేసినవి. అటువైపు ఇంకో ఇబ్బంది: డీఎన్‌ఏ చూసే పద్ధతులు చచ్చిన బ్యాక్టీరియాను కూడా పట్టి "ఉంది" అంటాయి. శుభ్రంగా ఉడికించిన రొయ్య కూడా పాజిటివ్ రావచ్చు. అందుకే కొందరు ఫేజులు వాడతారు, అవి బతికున్నదాంట్లోనే పెరుగుతాయి.

షుగర్ మీటర్ గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. 2011లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో యు షియాంగ్, యి లూ అనే ఇద్దరు మామూలు షుగర్ మీటరుతోనే వేరే పదార్థాలను కొలిచారు. మనకు కావలసిన పదార్థం తగిలినప్పుడు ఇన్వర్టేజ్ అనే ఎంజైము విడుదలయ్యేలా చేశారు. అది పంచదారను గ్లూకోజుగా మారుస్తుంది, మీటరు గ్లూకోజును చదువుతుంది. మీటరుకు అది రక్తమో ఇంకొకటో తెలియదు. ఆ దారిలో తర్వాత బ్యాక్టీరియాకు కూడా చాలామంది ప్రయత్నించారు. మా ల్యాబ్‌లో నేను చేసేది ఇంచుమించు అదే. మంచి బఫర్ ద్రవంలో, అంటే ల్యాబ్‌లో కలుపుకున్న శుభ్రమైన ద్రవంలో, బ్రహ్మాండంగా వస్తుంది. రొయ్య నలిపిన రసం వేయగానే కొవ్వు, ప్రొటీను ఎలక్ట్రోడ్‌కు పట్టేసి అంతా పాడు. మూడేళ్లుగా నా బతుకు ఆ రసంతోనే.

వంట మేస్త్రి | ఆగస్టు 6, సాయంత్రం 4:00

రొయ్య నీచు వదిలించడానికి పసుపు, ఉప్పు వేసి రుద్ది కడగాలి బాబూ. పీహెచ్‌డీ ఎందుకు.

అమలాపురం అబ్బాయి | ఆగస్టు 6, సాయంత్రం 4:03

😂 నిజానికి మేమూ కడుగుతాం. అయస్కాంతం పూసలకు యాంటీబాడీ తగిలించి రసంలో వేస్తాం, అవి బ్యాక్టీరియాను పట్టుకుంటాయి, గొట్టం పక్కన అయస్కాంతం పెట్టి మిగతా నీచు కడిగేస్తాం. మీ పసుపు కంటే ఖరీదు అంతే.

నిర్వాహకుడు | ఆగస్టు 6, సాయంత్రం 5:30

మిషను అమ్మేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. చర్చ కొనసాగించండి.

ల్యాబ్ బల్ల | ఆగస్టు 6, రాత్రి 10:10

అక్కా, మీ పచ్చడి పద్ధతి చెప్పండి. రొయ్యను నూనెలో వేయిస్తారు కదా, అక్కడితో దాని మీద ఉన్నవి దాదాపు అన్నీ పోతాయి. కాబట్టి నేను అడిగేది ఒక్కటే: వేయించాక దానికి ఏమేం తగులుతాయి?

పాలకొల్లు పచ్చళ్లు | ఆగస్టు 7, ఉదయం 11:20

రొయ్యలు పసుపు ఉప్పు వేసి నీరు ఇంకేదాకా ఉడికిస్తాను, తర్వాత నూనెలో గట్టిగా వేయిస్తాను. అల్లం వెల్లుల్లి ముద్ద కూడా అదే నూనెలో. చల్లారాక కారం, మెంతిపిండి, మసాలా, నిమ్మరసం. చేత్తో కలపను, గరిటెతోనే. సీసాలు ముందురోజు కడిగి, వరండాలో గుడ్డ మీద బోర్లిస్తాను. కడిగేది పైన ట్యాంకు నీళ్లతో.

ల్యాబ్ బల్ల | ఆగస్టు 7, రాత్రి 9:30

సీసాలు! ట్యాంకుకు నీళ్లు ఎక్కడివి?

పాలకొల్లు పచ్చళ్లు | ఆగస్టు 7, రాత్రి 9:48

కుళాయివే. ఇప్పుడు గోదారికి ఎర్రనీరు వచ్చింది కదండీ, వారం నుంచి కుళాయి నీళ్లు కాస్త రంగుగానే ఉన్నాయి. తాగడానికి టిన్ను తెప్పిస్తున్నాం. సీసాలు కడగడానికి టిన్ను నీళ్లు ఎవరు వాడతారు?

డాక్టరమ్మ కాకినాడ | ఆగస్టు 8, ఉదయం 7:05

62 వేలు పక్కన పెట్టి ఒక హెచ్‌2ఎస్ సీసా తెచ్చుకోండి. వరదలప్పుడు ఊళ్లల్లో మంచినీళ్లు చూడటానికి వాడేది. లోపల మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. గీత వరకు నీళ్లు పోసి మూత పెట్టి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే ఆ నీళ్లల్లో మలం కలిసిన జాడ ఉన్నట్టు. 1982లో మన దేశంలోనే మాంజా, మౌర్య, రావు అనే ముగ్గురు దీన్ని కనిపెట్టారు. ఏ బ్యాక్టీరియానో పేరు చెప్పదు, మీకు పేరుతో పని లేదు కూడా.

రాజుగారి చెరువు | ఆగస్టు 8, ఉదయం 7:30

ఆక్వా షాపుల్లో దొరుకుతుంది. మా సీడ్ (రొయ్య పిల్లలు) వచ్చే బండిలో పంపిస్తాను, ఎన్ని కావాలి?

పాలకొల్లు పచ్చళ్లు | ఆగస్టు 8, ఉదయం 8:00

మీ పుణ్యమా అని, మూడు పంపండి రాజు గారూ. డబ్బులు ఫోన్‌లో వేస్తాను.

ల్యాబ్ బల్ల | ఆగస్టు 8, మధ్యాహ్నం 1:40

పనిలో పని, పులుపు ఎంతుందో చూపించే పీహెచ్ కాగితాలు కూడా తెచ్చుకోండి. నూనె కింద గాలి తగలదు, అక్కడ బొటులినమ్ అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియాకు అనుకూలం. పీహెచ్ 4.6 లోపు ఉంటే అది పెరగదు (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). ఒక్కోసారి నిమ్మకాయలు రసం తక్కువగా ఉంటాయి, మీరు కాయల లెక్కన వేస్తారు, తేడా వచ్చేది అక్కడే. కారం రంగు కాగితానికి పట్టి సరిగా కనబడకపోతే చిన్న డిజిటల్ మీటరు తీసుకోండి. ఆరు నెలలకోసారి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు ఒక సీసా పంపండి. బెంగళూరు ఆవిడకు చూపించాల్సింది ఆ కాగితం.

పాలకొల్లు పచ్చళ్లు | ఆగస్టు 12, ఉదయం 6:50

అందరికీ చెప్పాలని పొద్దున్నే కూర్చున్నాను. పదో తారీఖు పొద్దున మూడు సీసాలు పెట్టాను, ఫ్రిజ్ పైన, వెనక వెచ్చగా ఉంటుందని. ఒకటి ట్యాంకు నీళ్లు, ఒకటి టిన్ను నీళ్లు, ఒకటి అదే ట్యాంకు నీళ్లు పది నిమిషాలు మరగబెట్టి చల్లార్చినవి. మొదటిరోజు సాయంత్రానికి మూడూ ఒకేలా లేత గోధుమరంగులో ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. నిన్న పొద్దున చూస్తే ట్యాంకు సీసా అడుగున కాగితం అంచు మసిబారింది. మధ్యాహ్నానికి సీసా మొత్తం కాటుకలా అయిపోయింది. టిన్నుది, మరగబెట్టినది ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

మా ఆయన ఆ నల్లసీసా చూసి ఏమీ అనలేదు. నిచ్చెన వేసుకుని ట్యాంకు ఎక్కారు. మూత సగం పగిలి ఉందట, లోపల పావురం ఈకలు. ఇది కూడా రాస్తున్నందుకు సిగ్గుగానే ఉంది.

పెట్టిన పచ్చడిలో పన్నెండు సీసాలు పంపకుండా ఆపేశాను. ఇప్పటినుంచి సీసాలు మరిగే నీళ్లల్లో ముంచి, పొయ్యి పక్కన ఆరబెట్టి, వెంటనే నింపుతున్నాను. మిషను ఆయన నిన్న ఫోన్ చేసి 55కే ఇస్తానన్నాడు. వద్దన్నాను.

ఒక డౌటు. ఆ నల్లసీసా ఏం చెయ్యాలి? మా వీధి చివర కాలవ ఉంది.

ల్యాబ్ బల్ల | ఆగస్టు 12, ఉదయం 7:02

కాలవలో మాత్రం పొయ్యకండి అక్కా! అందులో ఇప్పుడు కోట్లున్నాయి. మూత జాగ్రత్తగా తీసి, బ్లీచింగ్ పౌడర్ చిక్కగా కలిపిన నీళ్లు పోసి, అరగంట వదిలేసి, అప్పుడు లెట్రిన్‌లో పారబొయ్యండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ సీసాను మళ్లీ దేనికీ వాడొద్దు.

వంట మేస్త్రి | ఆగస్టు 12, ఉదయం 7:15

ఆ పన్నెండు సీసాలు మా ఇంటికి పంపినా పర్లేదు.

డాక్టరమ్మ కాకినాడ | ఆగస్టు 12, ఉదయం 7:16

మేస్త్రి గారూ!